తొమ్మిదో అంకె మీద లేచిన మనిషి



మన ఊళ్లలో కుస్తీ పోటీలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. గోదాలో పహిల్వాను వీపు మట్టికి తగిలిందంటే పోటీ అయిపోయినట్టే. డప్పులు మోగుతాయి, గెలిచినవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటారు, ఓడినవాడు ఒంటి మీది మట్టి దులుపుకుని పక్కకు తప్పుకుంటాడు. బాక్సింగ్‌లో అలా కాదు. అక్కడ పడ్డవాడికి పది అంకెల గడువు ఇస్తారు. రిఫరీ పక్కన నిలబడి, చెయ్యి ఊపుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. పది అనేలోగా లేచి నిలబడితే పోరాటం సాగుతుంది. లేవలేకపోతే అది నాకౌట్.

పది అంకెలంటే ఎంతసేపు? ఒక గ్లాసు మంచినీళ్లు తాగేంతసేపు. ఆ కాస్త వ్యవధిలో, వెల్లకిలా పడి ఉన్న ఒక నడివయసు మనిషి తన జీవితమంతటినీ కూడదీసుకుని లేచిన కథ ఇవాళ మీకు చెబుతాను. ఆయన పేరు ఆర్చీ మూర్. అమెరికా నల్లజాతి బాక్సర్. లైట్ హెవీవెయిట్ తరగతిలో ప్రపంచ ఛాంపియన్. ఆ రాత్రి 1958 డిసెంబరు 10, బుధవారం. ఆ చోటు కెనడాలోని మాంట్రియల్ నగరం, ఫోరం అనే పెద్ద ఇండోర్ స్టేడియం.

ఆ రాత్రికి ఆయన వయసెంత? దీనికి రెండు జవాబులున్నాయి. పుట్టినరోజు డిసెంబరు 13 అన్న విషయంలో పేచీ లేదు. ఏ సంవత్సరం అన్నదే తేలలేదు. తల్లి 1913 అంది. కొడుకు 1916 అన్నాడు. తల్లి లెక్క ప్రకారం మాంట్రియల్ పోరాటం జరిగిన మూడు రోజులకు ఆయనకు 45 నిండాయి. కొడుకు లెక్క ప్రకారం 42. ఏ లెక్క తీసుకున్నా ఆ వృత్తిలో అది ముసలితనమే. బాక్సింగ్‌లో ముప్పై దాటినవాణ్ణి పెద్దవాడంటారు. ముప్పై అయిదు దాటితే ఇంకా ఎందుకు ఆడుతున్నావని అడుగుతారు. నలభై దాటి ప్రపంచ టైటిల్ నిలబెట్టుకోవడానికి రింగులోకి దిగేవాణ్ణి చూసి భయపడతారు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బాక్సర్‌కి వయసు ఒక్కసారిగా మీద పడదు. ఒక వరుసలో వస్తుంది. ముందు కాళ్లు పోతాయి. పక్కకు తప్పుకోవాలని మనసుకు తోస్తుంది, కాలు అర క్షణం ఆలస్యంగా కదులుతుంది. ఆ అర క్షణంలోనే ఎదుటివాడి పిడికిలి దవడకు తగులుతుంది. తరవాత చూపు మందగిస్తుంది, దెబ్బ తిన్న ఒళ్లు తేరుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. అన్నిటికన్నా చివరగా పోయేది పిడికిలి బలం. అందుకే ముసలి ఛాంపియన్లు చివరిదాకా ప్రమాదకరంగానే ఉంటారు, చివరిదాకా ప్రమాదంలోనే ఉంటారు.

ఇంత వయసులో ఆర్చీ మూర్ ఆ రింగులో ఎందుకున్నాడో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

ఆయన అసలు పేరు ఆర్చిబాల్డ్ లీ రైట్. చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. సెయింట్ లూయిస్ నగరంలో మేనత్త, మామ దగ్గర పెరిగాడు. వాళ్ల ఇంటిపేరే తన ఇంటిపేరయింది. కుర్రతనంలో దొంగతనాలకు అలవాటు పడ్డాడు. ట్రాము బండిలో చిల్లర డబ్బుల పెట్టె కాజేసి పట్టుబడ్డాడు. బాలనేరస్థుల బడిలో దాదాపు రెండేళ్లు ఉన్నాడు. బాక్సింగ్ మీద మనసు నిలిచింది అక్కడే. బయటికి వచ్చాక, ఆర్థికమాంద్యం రోజుల్లో నిరుద్యోగ యువకుల కోసం ప్రభుత్వం పెట్టిన అటవీ శిబిరంలో పనిచేస్తూ సాధన చేశాడు. 1930ల మధ్యలో డబ్బు కోసం ఆడటం మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి ప్రపంచ టైటిల్ కోసం తలపడే అవకాశం వచ్చేదాకా ఎన్నేళ్లు పట్టిందో ఊహించండి. పదహారేళ్లు దాటింది. ఆయనకు ఆట రాక కాదు. బాగా వచ్చు కాబట్టే. ఆ రోజుల్లో ఛాంపియన్లు, వాళ్ల మేనేజర్లు తమకు లాభం తెచ్చే ప్రత్యర్థులనే ఎంచుకునేవారు. గట్టిగా కొట్టగల, టిక్కెట్లు మాత్రం అంతగా అమ్ముడుపోని నల్లవాళ్లను దగ్గరికి రానిచ్చేవారు కారు. అలా తలుపు బయటే నిలబెట్టిన ఆటగాళ్లు ఒక గుంపుగా ఉండేవారు. చార్లీ బర్లీ, హోల్‌మన్ విలియమ్స్, లాయిడ్ మార్షల్, ఎడీ బుకర్ వంటివాళ్లు. ఛాంపియన్లు వాళ్లతో ఆడరు కాబట్టి వాళ్లు ఒకరితో ఒకరు ఆడుకునేవారు. ఒకరి ముక్కులు ఒకరు పగలగొట్టుకుని పూట గడుపుకునేవారు. తను ఎదుర్కొన్న అందరిలోకి చార్లీ బర్లీయే మేటి అని మూర్ చెప్పేవాడు. 1944లో బర్లీ ఆయన్ని పాయింట్ల మీద ఓడించాడు కూడా. ఆ బర్లీకి ప్రపంచ టైటిల్ కోసం ఆడే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. పిట్స్‌బర్గ్ నగరంలో చెత్త ఎత్తే ఉద్యోగం చేసుకుని బతికాడు.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ముసలి ఛాంపియన్‌ని చూసినప్పుడల్లా, కిరీటం వదల్లేక వేలాడుతున్నాడని తొందరపడి అనేస్తాం. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. ఆర్చీ మూర్ సంగతి వేరు. పడుచుదనమంతా గుమ్మం ముందు నిలబెట్టి, జుట్టు నెరిశాక లోపలికి రమ్మన్నారు ఆయన్ని. అలా వచ్చినవాడు అప్పుడే లేచి వెళ్లిపోతాడా?

మధ్యలో ఒళ్లు కూడా ఎదురు తిరిగింది. 1941లో కడుపులో పుండు పగిలి కుప్పకూలాడు. బతకడమే కష్టమన్నారు. బతికాడు, మళ్లీ ఆడాడు. పత్రికల వాళ్లకు ఉత్తరాలు రాశాడు, ఊరూరా పేరు తెచ్చుకున్నాడు. చివరికి 1952 డిసెంబరు 17న, సెయింట్ లూయిస్‌లో, తను పెరిగిన ఊళ్లోనే, అప్పటి ఛాంపియన్ జోయీ మాక్సిమ్‌తో పోటీ కుదిరింది. తల్లి లెక్కలో అప్పటికి నాలుగు రోజుల క్రితమే 39 నిండాయి. మాక్సిమ్ ఆ ఆటకు లక్ష డాలర్ల హామీ రాయించుకున్నాడు. మూర్ చేతికి వచ్చింది 800 డాలర్లు. పదిహేను రౌండ్లు ఆడి, పాయింట్ల మీద గెలిచి, మూర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కూలి 800 డాలర్లే కానీ, ఆ రాత్రి ఆయన ఇంటికి తీసుకెళ్లిన దానికి వెల కట్టగలవాళ్లెవరు?

ఇక నిలబెట్టుకునే ఘట్టం మొదలైంది. మాక్సిమ్‌తోనే మరో రెండుసార్లు ఆడి గెలిచాడు. 1954లో హెరాల్డ్ జాన్సన్‌ని పద్నాలుగో రౌండులో, 1955లో బోబో ఓల్సన్‌ని మూడో రౌండులో పడగొట్టాడు. అదే ఏడాది సెప్టెంబరు 21న హెవీవెయిట్ కిరీటం కోసం రాకీ మార్సియానోతో తలపడ్డాడు. న్యూయార్క్ యాంకీ స్టేడియంలో అరవై వేల మందికి పైగా చూస్తుండగా, రెండో రౌండులో మార్సియానోని కింద పడేశాడు. చివరికి తొమ్మిదో రౌండులో తానే ఓడాడు. మార్సియానోకి అదే ఆఖరి పోరాటమయింది. జీవితంలో ఒక్కసారీ ఓడకుండా ఆయన ఆట మానేశాడు. మరుసటి ఏడాది ఖాళీ అయిన ఆ హెవీవెయిట్ కిరీటం కోసమే మూర్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌తో ఆడాడు. ప్యాటర్సన్‌కి అప్పటికి 21 ఏళ్లు. అయిదో రౌండులో మూర్ పడిపోయాడు, లేవలేదు. పై తరగతిలో రెండుసార్లు ఓడినా తన తరగతిలో మాత్రం కిరీటం ఇంకా ఆయన తల మీదే ఉంది.

ఇక్కడ బరువు సంగతి చెప్పాలి. లైట్ హెవీవెయిట్ అంటే 175 పౌండ్లు, మన లెక్కలో 79 కిలోల పైచిలుకు. అంతకు మించితే టైటిల్ ఆట లేదు. మూర్ మామూలు రోజుల్లో అంతకన్నా చాలా బరువుండేవాడు. మార్సియానోతో ఆడినప్పుడే 188 పౌండ్లు. టైటిల్ నిలబెట్టుకోవాలంటే ప్రతిసారీ ఒళ్లు కరిగించాలి. నలభై దాటినవాడికి బరువు తగ్గించడం ఎంత కష్టమో మనలో చాలామందికి అనుభవమే. మాంసం నమిలి, రసం మింగి, పిప్పి ఉమ్మేయడం తన రహస్యమని, ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసి ఒకరి దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. అసలు రహస్యం ఆకలిని ఓర్చుకోవడమే. ఆ వయసులో ప్రత్యర్థిని కొట్టే ముందు తన ఒంటిని తానే ఓడించుకోవాలి.

ఇప్పుడు మాంట్రియల్‌కు వద్దాం.

ఎదుటివాడు ఇవాన్ డ్యూరెల్. కెనడా తూర్పు తీరంలో, న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రంలో, బే సెయింట్ ఆన్ అనే చిన్న పల్లెకారుల ఊరు అతనిది. ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. వృత్తి చేపల వేట. సముద్రం మీద వలలు లాగి లాగి గట్టిపడిన భుజాలు. వయసు 29. వేట చేసుకుంటూనే బాక్సింగ్ ఆడి, బ్రిటిష్ సామ్రాజ్య టైటిల్ గెలుచుకున్నాడు. పోరాడే జాలరి అని అతనికి పేరు. ప్రపంచ టైటిల్ కోసం ఆడటం అదే మొదటిసారి. సొంత దేశం, సొంత జనం. స్టేడియమంతా అతని వైపే.

ఆ పోరాటం ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుంది. నలుపు తెలుపు బొమ్మ. నేను ఎన్నోసార్లు చూశాను. ఎన్నిసార్లు చూసినా మొదటి నిమిషంలో గుండె జారుతుంది.

గంట మోగుతుంది. మూర్ నెమ్మదిగా, కొలుచుకుంటున్నట్టు తిరుగుతుంటాడు. ఎదుటివాణ్ణి ముందు చదవడం ఆయన అలవాటు. డ్యూరెల్‌కి చదువుకునేంత ఓపిక లేదు. ఇంకా మొదటి నిమిషం గడవకముందే అతని కుడిచెయ్యి వచ్చి మూర్ దవడకు తగులుతుంది. మూర్ తూలడు, తడబడడు. నరికిన చెట్టులా వెల్లకిలా పడిపోతాడు. తల నేలకు కొట్టుకుంటుంది.

రిఫరీ జాక్ షార్కీ. ఆయన మామూలు మనిషి కాదు. 1932లో హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. కింద పడి ఉండటం ఎలా ఉంటుందో స్వయంగా తెలిసినవాడు. ఆయన లెక్కపెట్టడం మొదలుపెడతాడు. మూర్ కదలడు. జనం అప్పటికే లేచి నిలబడ్డారు. వాళ్ల జాలరి ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడు! ఎలాగో మూర్ తల ఎత్తుతాడు. ఒరుగుతాడు. మోకాలు దొరుకుతుంది. మోకాలి తరవాత పాదం. తొమ్మిది అనేసరికి నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడే కానీ అవి ఇంకా తన కాళ్లు కావు.

డ్యూరెల్ మళ్లీ మీదపడ్డాడు. మూర్ మళ్లీ పడ్డాడు. ఈసారి వెంటనే లేచాడు. కాసేపటికి మూడోసారి పడ్డాడు. ఒక్క రౌండులో, మూడే మూడు నిమిషాల్లో, ప్రపంచ ఛాంపియన్ మూడుసార్లు నేల మీద ఉన్నాడు. కొన్ని చోట్ల ఒకే రౌండులో మూడుసార్లు పడితే ఆట అక్కడితో ముగించే నియమం ఉంది. ఆ రాత్రి మాంట్రియల్‌లో ఆ నియమం అమలులో లేదు. ఉండి ఉంటే ఈ కథ లేదు.

ఆ మూడోసారి పడినప్పుడు ఆయన చేసినది చూడండి. మొదటిసారి పడ్డప్పుడు ఆయనకు స్పృహే లేదు, ఇరవై ఏళ్ల అలవాటు ఒంటిని లేపి నిలబెట్టింది. మూడోసారికి తెలివి తిరిగి వచ్చింది. కంగారుగా లేవలేదు. రిఫరీ అంకెలు వింటూ, ఇస్తున్న గడువును ఆఖరి అంకె దాకా వాడుకుని, తొమ్మిది మీద లేచాడు. పడ్డ కుర్రవాడు మొదట చేసే తప్పు, సిగ్గుతో, కోపంతో గభాలున లేవడం. లేచి, తేరుకోకముందే మరో దెబ్బ తినడం. ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగా ఒక్క సెకనులో లేచిపోవడం పౌరుషం అనుకుంటాం. అది ఉన్న సొమ్మును వీధిలో పారబోసుకోవడం. మూర్‌కి గడువు విలువ తెలుసు. పదహారేళ్లు గుమ్మంలో ఎదురుచూసినవాడు తొమ్మిది సెకన్లు నేల మీద ఎదురుచూడలేడా?

రౌండు గంట మోగింది. ఒక్క నిమిషం విశ్రాంతి. ఆయన మేనేజర్ డాక్ కర్న్స్, ఒకప్పుడు హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీని నడిపించిన పాతకాపు, పక్కనే ఉన్నాడు. రెండో రౌండు, మూడో రౌండు, నాలుగో రౌండు మూర్ నెట్టుకొచ్చాడు. దగ్గరికి వచ్చినప్పుడు చేతులు పట్టి బిగించాడు, దూరంగా ఉన్నప్పుడు ఎడమచేతి జాబ్‌తో, అంటే సూటిగా పొడిచే దెబ్బతో, అడ్డుకున్నాడు. రెండు ముంజేతులూ మొహం ముందు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, వాటి సందులోంచి చూస్తూ దెబ్బలన్నీ ఎముక మీద తీసుకున్నాడు. ఆ అడ్డుచేతుల కాపు ఆయన సొంత విద్య.

అయిదో రౌండులో మళ్లీ కింద పడ్డాడు. నాలుగోసారి. మళ్లీ లేచాడు.

ఇక్కడే ఆ పోరాటం అర్థం మారిపోయింది. నాలుగుసార్లు పడగొట్టినవాడికి ఏమనిపిస్తుంది? కొట్టగలిగినంత గట్టిగా కొట్టాను, ఇంకా నిలబడే ఉన్నాడేమిటి అనిపిస్తుంది. ఆరో రౌండు నుంచి డ్యూరెల్ చేతులు బరువెక్కడం తెరమీద కనిపిస్తుంది. పోరాటం పదిహేను రౌండ్లది. అతను బలమంతా మొదటి అయిదింటికే ఖర్చు పెట్టేశాడు. మూర్ దాచుకున్నాడు. ఎడమచేతి జాబ్ ఒకదాని తరవాత ఒకటి, పెద్ద దెబ్బలు కావు, చిన్నవి, పొడిచి వెనక్కి తీసుకునేవి. వాటి వెనకే కుడిచెయ్యి. ఏడో రౌండులో డ్యూరెల్ మొదటిసారి నేలకు దిగాడు. ఎనిమిది, తొమ్మిది రౌండ్లలో మూర్ మెల్లిమెల్లిగా రింగును తన చేతిలోకి తెచ్చుకున్నాడు. పదో రౌండు చివర డ్యూరెల్ మళ్లీ పడ్డాడు. గంట మోగి అతన్ని కాపాడింది.

పదకొండో రౌండు. డ్యూరెల్ పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. ఈసారి లేవలేదు. షార్కీ పది దాకా లెక్కపెట్టాడు. రౌండు మొదలై 49 సెకన్లు.

మాంట్రియల్ జనం వచ్చింది తమవాడు గెలవడం చూడటానికి. కానీ ఆ రాత్రి తాము చూసినది మళ్లీ మళ్లీ దొరికేది కాదని అందరికీ తెలిసింది. టైటిల్ పోరాటాల గొప్ప జాబితాలు ఎవరు రాసినా ఈ రాత్రికి అందులో చోటుంటుంది.

గెలిచినవాడి గురించే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. డ్యూరెల్ ఆ రాత్రి ఓడాడు కానీ చిన్నబోలేదు. రీమ్యాచ్ కుదిరింది. ఈలోగా 1959 జూన్‌లో అతని తీరం మీద తుఫాను విరుచుకుపడింది. ఎస్కుమినాక్ దుర్ఘటన అంటారు దాన్ని. వేటకు వెళ్లిన 35 మంది తిరిగి రాలేదు. తుఫాను అంటే ఏమిటో, పడవలు తిరిగి రాని ఊరు ఎలా ఉంటుందో, మన దివిసీమకూ, మన కోస్తా పల్లెలకూ ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. ఆ పల్లెకారులు అతని ఊరివాళ్లు, పక్క ఊళ్లవాళ్లు. ఆ శోకం కళ్ల ముందే ఉండగా, రెండు నెలలైనా గడవకముందే, ఆగస్టు 12న అతను మళ్లీ మాంట్రియల్‌లో రింగులోకి దిగాడు. ఈసారి మూడో రౌండులోనే ఓడిపోయాడు. రింగులో నిలబడ్డ ప్రతి మనిషి వెనకా ఒక ఊరు ఉంటుంది. మనకు కనిపించేది మాత్రం ఇద్దరే.

ఇప్పుడు మనసులో మెదిలే ప్రశ్న అడగాలి. ఇదంతా మెచ్చుకోదగ్గదేనా? నలభై దాటిన మనిషిని తల మీద కొట్టించుకోమని చప్పట్లు కొట్టవచ్చునా?

ఈ ప్రశ్న నుంచి తప్పించుకోకూడదు. బాక్సర్ల మెదడు దెబ్బల వల్ల పాడవుతుందని 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు వైద్య పత్రికలో రాశాడు. అయినా ఆట ఆగలేదు. 1980 అక్టోబరు 2న లాస్ వేగస్‌లో ముహమ్మద్ అలీ, 38 ఏళ్ల వయసులో, పోయిన కిరీటం కోసం ల్యారీ హోమ్స్‌తో ఆడాడు. పది రౌండ్ల పాటు దెబ్బలు తిన్నాడు, తిరిగి కొట్టలేకపోయాడు. చివరికి ఆయన శిక్షకుడు ఏంజెలో డండీ ఆట ఆపించాడు. 1984లో అలీకి పార్కిన్సన్ లక్షణాలున్నాయని వైద్యులు చెప్పారు. అంత గొప్ప వక్త, మాట కూడబలుక్కోవాల్సి వచ్చింది. అలీని ప్రేమించిన కోట్లమంది ఆ రాత్రిని ఇప్పటికీ క్షమించలేరు. కాబట్టి పడ్డవాడు లేచిన ప్రతిసారీ అది విజయమే అని నేననను. కొన్నిసార్లు లేవనివ్వకపోవడమే దయ. పది దాకా లెక్కపెట్టేవాడికి ఆ అంకెలతోపాటు ఆ వివేకం కూడా ఉండాలి.

మూర్‌ని అలీతో పోల్చినప్పుడు తేడా ఏమిటి? మూర్ నమ్ముకున్నది కాళ్లను కాదు. కాళ్ల వేగం మీద కట్టుకున్న ఆట కాళ్లతోపాటే పోతుంది. మూర్ తన ఆటను కాపు మీద, కొలత మీద, ఓర్పు మీద కట్టుకున్నాడు. అవి వయసుతో తరగవు, కొంతకాలం పెరుగుతాయి కూడా. కానీ వాటికీ ఒక హద్దుంది. ఆ హద్దు కూడా ఆయన చూశాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్ బంగారు పతకంతో వచ్చిన కాషియస్ క్లే అనే కుర్రవాడు కొన్నాళ్లు మూర్ శిక్షణ శిబిరంలో ఉన్నాడు. అంట్లు తోమడం, ఊడవడం లాంటి పనులు నచ్చక వెళ్లిపోయాడు. 1962 నవంబరు 15న ఆ కుర్రవాడే మూర్‌ని నాలుగో రౌండులో ఓడించాడు. క్లేకి 20 ఏళ్లు. మూర్ యాభైకి దగ్గరవుతున్నాడు. ఆ క్లేయే తరవాత ముహమ్మద్ అలీ అయ్యాడు. మూర్ టైటిల్‌ని అప్పటికే పాలక సంస్థలు ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాయి. 1963లో ఆట మానేశాడు. అప్పటికి 130కి పైగా నాకౌట్లు. 

మన ఇంట్లోనూ ఇలాంటి ఘట్టం ఒకటి జరిగింది. 2018 నవంబరులో ఢిల్లీలో మేరీ కోమ్, ముప్పై అయిదు దాటిన వయసులో, పిల్లల తల్లి, ఆరోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ నిలబడి, ఒలింపిక్ అర్హతకు ఎవరు వెళ్లాలో రింగులోనే తేల్చమని అడిగింది. 2019 డిసెంబరులో ఇద్దరూ తలపడ్డారు. తనకన్నా పదమూడేళ్లు చిన్నదైన నిఖత్‌ని మేరీ 9–1తో ఓడించింది. ఆ రోజు తెలుగువాళ్ల మనసు చివుక్కుమంది. కానీ నిఖత్ ఆ ఓటమి దగ్గర ఆగిపోలేదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. పెద్దామె గెలవడమూ సరైనదే, చిన్నామె అడగడమూ సరైనదే. ఛాంపియన్‌ని ఎదిరించడమే ఛాంపియన్‌కి చేసే గౌరవం. డ్యూరెల్ మూర్‌కి చేసిన గౌరవం అదే, క్లే చేసినదీ అదే.

మూర్ ఆట మానేశాక ఏం చేశాడో చెప్పి ముగిస్తాను. చిల్లర పెట్టె కాజేసిన కుర్రతనం ఆయన మరిచిపోలేదు. దారి తప్పే పిల్లల కోసం కాలిఫోర్నియాలో ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఏ పిల్లవాడైనా చేయగలడు అన్నది దాని పేరు. వాళ్లకు బాక్సింగ్‌తోపాటు మాట తీరు, నడవడి నేర్పాడు. మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ పదేళ్లు ఆట మానేసి, బొజ్జ పెరిగాక తిరిగి వస్తానన్నప్పుడు, లోకం నవ్వితే మూర్ నవ్వలేదు. పక్కన ఉండి సలహాలిచ్చాడు. ముంజేతులు మొహం ముందు అడ్డం పెట్టుకునే ఆ పాత కాపు ఫోర్‌మన్ చేతుల్లో మళ్లీ కనిపించింది. 1994 నవంబరు 5న, 45 ఏళ్ల ఫోర్‌మన్, 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టి, హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తల్లి లెక్క ప్రకారం చూస్తే, మాంట్రియల్ రాత్రి మూర్‌ది దాదాపు అదే వయసు.

ఆర్చీ మూర్ 1998 డిసెంబరు 9న శాన్ డియాగోలో కన్నుమూశాడు. ఇంకొక్క రోజు గడిస్తే మాంట్రియల్ పోరాటానికి నలభై ఏళ్లు నిండేవి.

శ్రోతలారా, మన ఇళ్లలో, మన పనిచోట్ల, పొలాల్లో కూడా మూర్ వంటి వాళ్లున్నారు. అవకాశం ఆలస్యంగా వచ్చినవాళ్లు, వయసు మీద పడ్డాక కూడా తమ చోటు నిలబెట్టుకోవడానికి కష్టపడుతున్నవాళ్లు. వాళ్లు తడబడితే పని అయిపోయిందని మొదటి అంకె దగ్గరే తేల్చేస్తాం. అది మన తొందర. ఒళ్లు ఇక సహించదని తెలిసినప్పుడు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురండి, ఆ ధైర్యం మీరే చేయండి. అలా కానప్పుడు మాత్రం వాళ్లకు రావలసిన గడువు తగ్గించకండి. పది దాకా లెక్కపెట్టండి.